రెండు ఎరుపుల పేచీ

ఒకటి జేగురు, ఇంకోటి మెరూన్. షేడు కార్డులో పక్కపక్కనే ఉన్నాయి. ‘రెండూ ఒకటేగా, ఏదో ఒకటి వేసేద్దాం’ అంటాడు ఆయన. ‘ఒకటెలా అవుతాయి? ఇది మన్ను, అది వంకాయ’ అంటుంది ఆవిడ. డుంబ్రిగుడ పల్లెల్లో మట్టిల్లు పక్కనే స్లాబు ఇల్లు లేచాక ఇలాంటి పేచీ రాకుండా ఉంటుందా! కాఫీ పంట డబ్బులు చేతికొచ్చాక మొదలుపెట్టిన పని. మెషీన్లో ఒకసారి కలిపించిన రంగును కొట్టువాళ్లు మామూలుగా వెనక్కి తీసుకోరు.

పాత మట్టిళ్లకు ఈ బెంగ లేదు. పండగ ముందు ఆడవాళ్లే ఎర్రమట్టిని జారుగా కలిపి గోడకు పూస్తారు. తడిమీద చూసి రంగు బాగుందో లేదో తేల్చరు. ఆరాక మట్టి తేలికపడుతుందని తెలుసు. డబ్బా రంగు దీనికి రివర్సు... ఎమల్షన్ చాలావరకు ఆరాకే ఒకింత ముదురుతుంది. పైగా ముదురు రంగు ఒక్క పూతతో తేలదు. అందుకే రెండు రంగులవీ చిన్న డబ్బాలు తెచ్చి, రెండడుగుల అట్టముక్కల మీద రెండేసి పూతలు వేసి చూడాలి. పొద్దున్నే మంచులో, మిట్టమధ్యాహ్నం ఎండలో, రాత్రి దీపం కింద. మబ్బు పట్టిన రోజున మెరూన్ నల్లగా కనిపించినా ఆశ్చర్యం లేదు. పసుపు బల్బు కింద రెండూ కవలల్లా కలిసిపోయి, ట్యూబులైటు వేయగానే విడిపోవచ్చు.

అసలు సంగతి మాత్రం కంటికి కనపడదు. జేగురులో ఉండేది ఐరన్ ఆక్సైడ్. కొండమట్టికి ఎరుపు వచ్చిందీ దాంతోనే. అది ఎండకు దాదాపు చలించదు. మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా రాతి గుహల్లో వేల ఏళ్లనాటి బొమ్మలు ఇప్పటికీ ఎర్రగా కనిపిస్తున్నాయంటే దాని పుణ్యమే. మెరూన్‌కు ఆ నిగారింపు తేవడానికి తరచూ ఆర్గానిక్ ఎరుపులు కలుపుతారు. వాటిలో మంచివీ ఉన్నాయి, కొన్ని ఎండాకాలాలకే వెలిసిపోయేవీ ఉన్నాయి. ‘ఇందులో పడేది ఆక్సైడేనా?’ అని కొట్టులో ఒక్కమాట అడిగితే సగం పేచీ తీరిపోతుంది. హాల్లో గోడకైతే ఎవరి ముచ్చట వాళ్లది. ఎండ తగిలే వీధి గోడకు మాత్రం ఆవిడ చెప్పిన మన్నే నయం.

ముదురు రంగు వేడి పీలుస్తుంది కదా అంటారా? నిజమే. విశాఖలో పడమటి గోడకు వేస్తే వేసవిలో గది ఉడికిపోతుంది. సుమారు 900 మీటర్ల ఎత్తున, చలికి వణికే ఈ కొండల్లో అంత భయం లేదు.

రంగు మిగిలితే వెనకున్న మట్టి వంటింటికీ పూసేద్దామనిపిస్తుంది. ఆ పని మాత్రం చేయొద్దు. వానాకాలం పీల్చిన తేమను మట్టిగోడ తిరిగి వదలాలి. పైన ప్లాస్టిక్ పొరలా రంగు పడితే తేమ లోపలే చిక్కుకుని, పూత మట్టితో సహా పెచ్చులుగా ఊడొస్తుంది. దానికి గట్టుమీది ఎర్రమట్టే!