రాజుగారి ఉత్తరం పక్కన పెట్టండి

ఏడాదికి ఒకసారైనా ఆ పోస్టు నా ఫోన్లోకి వచ్చి తీరుతుంది. ఎవరో పోలండ్ ఇంజనీరు. మందుపాతరల్ని పసిగట్టే మెటల్ డిటెక్టర్ తయారుచేశాడు. పేటెంట్ తీసుకోలేదు, డిజైన్‌ని బ్రిటిష్ సైన్యానికి ఊరికే ఇచ్చేశాడు. బదులుగా రాజు ఆరో జార్జి థాంక్స్ చెబుతూ ఒక ఉత్తరం రాశాడు. చరిత్ర మరిచిన మహానుభావుడు, షేర్ చేయండి. కింద వరసగా దండాలు పెట్టే ఎమోజీలు.

చదివినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. అందులో అబద్ధం ఉందని కాదు. ఒక మనిషి జీవితంలోంచి మనం ఏరుకున్నది ఒక ఉత్తరమా అని.

ఆయన పేరు యూజెఫ్ కొసాత్స్కి. 1909లో పుట్టాడు, వార్సా పాలిటెక్నిక్‌లో చదివాడు, టెలికమ్యూనికేషన్స్ ఇంజనీరు. 1939లో జర్మనీ పోలండ్ మీద పడ్డాక దేశం వదిలి, చివరికి స్కాట్లాండ్ చేరాడు. ప్రవాసంలో ఉన్న పోలిష్ సైన్యంలో లెఫ్టినెంటు. 1941లో అక్కడే ఈ పరికరం మీద కూర్చున్నాడు. తోడుగా ఆండ్జెయ్ గార్బోష్ అనే మరో అధికారి ఉన్నాడు. ఆ పోస్టుల్లో గార్బోష్ ఊసే ఉండదు. ఇద్దరుంటే కథ పండదు కదా.

ఇంతకీ మెటల్ డిటెక్టర్ అంటే మనకి ఏం గుర్తొస్తుంది? మాల్ గుమ్మం దగ్గర నిలబెట్టిన ఫ్రేము. అది కుయ్యిమంటూనే ఉంటుంది, మనం నడుస్తూనే ఉంటాం, సెక్యూరిటీ అన్న పదండి పదండి అంటూనే ఉంటాడు. లేదంటే గుప్తనిధులు. తెలుగులో ఆ మాట కొట్టి వీడియోలు వెతకండి, లంకెబిందెల కోసం పాత గుళ్ళ చుట్టూ తిరిగేవాళ్ళే కనిపిస్తారు. ఒక యంత్రం మొదట ఏ భయంలోంచి మనిషి చేతికి వచ్చిందో దాని చప్పుడుకి అలవాటుపడ్డ చెవులకి గుర్తుండదు.

ఆ భయం ఎలాంటిదో చెప్పడానికి మనవాడే ఒకడున్నాడు. 1941 మొదట్లో, అబిసీనియాలో, ప్రేమీంద్ర సింగ్ భగత్ అనే యువ సాపర్ అధికారి 96 గంటలపాటు 55 మైళ్ళ దారి పొడవునా 15 మందుపాతర క్షేత్రాలను గుర్తించి తీయించాడు. మధ్యలో రెండుసార్లు ఆయన బండి కింద పాతరలు పేలాయి. ఒక కర్ణభేరి పగిలింది. విక్టోరియా క్రాస్ ఇచ్చారు. కొసాత్స్కి డిటెక్టర్ అప్పటికింకా లేదు. కళ్ళతో చూడటం, బాయ్‌నెట్ మొనని ఏటవాలుగా ఇసుకలో గుచ్చడం, గట్టిగా తగిలితే ఊపిరి బిగబట్టడం - సాపర్లకి తెలిసిన పద్ధతి అదీ.

కొసాత్స్కి పరికరంలో వాడిన సూత్రం కొత్తదేం కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాని వెతకడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇలాంటి యంత్రమే పట్టుకెళ్ళాడు (తూటా దొరకలేదు, పరుపులోని స్టీలు స్ప్రింగులు గందరగోళం చేశాయంటారు). రెండు తీగచుట్టలు. ఒకదాంట్లో కరెంటు అటూ ఇటూ ఊగుతుంటుంది. దాని ప్రభావం రెండోదానిలో పడకుండా సరిగ్గా తూచినట్టు అమరుస్తారు. కింద లోహం ఉంటే ఆ తూకం చెడుతుంది, హెడ్‌ఫోన్‌లో మోత వినిపిస్తుంది. అంతే.

మరి కొసాత్స్కి చేసిందేమిటి? దాన్ని ఒక్క సైనికుడు మోయగలిగేలా చేశాడు. వెదురు కర్ర చివర చుట్టలున్న పలక, వీపున బ్యాటరీ, ఎలక్ట్రానిక్స్ ఉన్న పెట్టె, చెవులకి హెడ్‌ఫోన్లు. మొత్తం 14 కిలోల లోపు. నాకు ఈ అంకె రాజుగారి ఉత్తరం కన్నా గొప్పగా కనిపిస్తుంది. చీకట్లో, ఫిరంగుల మోతలో, ఒక కుర్రాడు అడుగు తీసి అడుగు వేయాలి. వాడి భుజం ఎంత బరువు ఓర్చుకుంటుంది, ఆ హోరులో ఏ శబ్దం వాడికి తెలుస్తుంది, చెయ్యి వణికితే తూకం నిలుస్తుందా - ఇవన్నీ బల్ల ముందు కూర్చుని ముందే ఆలోచించినవాడు ఆయన. 1942 అక్టోబరులో ఎల్ అలమీన్ దగ్గర జర్మన్, ఇటాలియన్ సైన్యాలు పాతిన దాదాపు ఐదు లక్షల మందుపాతరల మధ్య దారి తీయడానికి 500 డిటెక్టర్లు వెళ్ళాయి. గంటకి వంద చదరపు మీటర్లు సాగే పని రెండు వందలకి పెరిగిందంటారు. ఆ యుద్ధం పేరు చెప్తే మోంట్‌గోమరీ, రోమెల్. పుస్తకాలు, సినిమాలు, టోపీలు కూడా వాళ్ళవే.

ఇక ఆ "ఊరికే ఇచ్చేశాడు" సంగతి. దేశాన్ని రెండు సైన్యాలు పంచుకున్నాయి. కుటుంబం జర్మన్ల చేతికింద ఉన్న పోలండ్‌లో ఉంది. వాళ్ళకి ముప్పని ఆయన అసలు పేరు దాచారు. అందుకే పుస్తకాల్లో రకరకాల పేర్లతో కనిపిస్తాడు. ఇల్లు కాలి పక్కింట్లో తలదాచుకున్నవాడు ఆ ఇంటి కప్పు బాగుచేస్తే, దానికి దానం అని పేరుపెట్టే హక్కు ఇంటివాళ్ళకి ఎక్కడిది? ఆ మంట వాళ్ళింటికీ పాకుతోందిగా. ఆ నమూనా డిటెక్టర్లను బ్రిటిష్ సైన్యం 1995 దాకా వాడింది. ఆయన 1990లోనే పోయాడు. త్యాగం అని మనం ఎంత గట్టిగా పొగిడితే, లాభపడ్డవాళ్ళ బాకీ అంత తేలిగ్గా మాఫీ అవుతుంది. ఉత్తరం రాశాంగా, చెల్లు!

"కనీసం గుర్తుచేసుకుంటున్నారుగా, అదీ తప్పేనా" అని ఒక మిత్రుడు అడిగాడు. తప్పే, సగంలో ఆపేస్తే. డిటెక్టర్ మందుపాతరని కనుక్కోదు, లోహాన్ని కనుక్కుంటుంది. మేకైనా, డబ్బా మూతైనా, గుండు ముక్కైనా దానికి ఒకటే. ఆ సంగతి అవతలివాళ్ళకీ తెలుసు. కొన్నాళ్ళకే జర్మన్లు చెక్కపెట్టెల్లో పాతరలు చేశారు, ఆ తర్వాత గాజుతో చేశారు. గాజుపాతర డిజైన్ చేసినవాడూ ఇంజనీరే. వాడూ బల్ల ముందు కూర్చుని ఒక కుర్రాడి అడుగు గురించే ఆలోచించాడు. ఈ రెండో మనిషి ఉన్నంతకాలం మొదటివాడికి దండం పెట్టి ఫోన్ పక్కన పడేయడం కుదరదు.

ఎల్ అలమీన్ ఇసుకలో ఆ పాతరలు ఇంకా ఉన్నాయి. గొర్రెలు తోలుకెళ్ళే బెదూయిన్లు దశాబ్దాలుగా కాళ్ళు, ప్రాణాలు పోగొట్టుకుంటూనే ఉన్నారు. మనుషుల్ని చంపే మందుపాతరలు వద్దని 1997లో ఒట్టావాలో ఒప్పందం కుదిరింది. 2025లో అందులోంచి బయటికి రావడానికి ఓటేసిన పార్లమెంటుల్లో పోలండ్‌దీ ఒకటి, సాక్షాత్తూ కొసాత్స్కి దేశం. రష్యా భయం నిజమైనదే, కాదనను. కానీ ఆ దేశమే రేపు ఆయన చిత్రపటానికి దండ వేస్తుంది చూడండి, చెయ్యి వణక్కుండా.

పోలండ్‌ని అనేముందు మన సంగతి. ఇండియా ఆ ఒప్పందంలో అసలు చేరనేలేదు. 2001 చివర్లో పార్లమెంటు మీద దాడి జరిగాక మన సైన్యం పాకిస్తాన్ సరిహద్దు పొడవునా పొలాల్లో మందుపాతరలు పాతింది. తర్వాత తీసేటప్పుడు సైనికులు, ఆ పొలాల్లోకి తిరిగొచ్చిన రైతులు దెబ్బతిన్నారు. ఈసారి ఆ దండాల పోస్టు వచ్చినప్పుడు కింద కామెంట్లో ఈ నాలుగు ముక్కలు రాసి చూడండి, ఎన్ని లైకులు వస్తాయో.