మిక్స్‌డ్ ఫ్రూట్ అంటే ఏ పండు?

పోయిన నవరాత్రుల్లో తిరువొత్తియూరు ఇంట్లో పంచామృతానికి అరటిపండ్లు చాల్లేదు. ఎవరో ఫ్రిజ్‌లోంచి మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్ తీసి రెండు గరిటెలు కలిపేశారు. "అన్ని పండ్లూ ఇందులోనే ఉన్నాయి కదా" అన్నారు. అందరూ నవ్వి ఊరుకున్నారు. మేము ఊరుకోలేక ఇది రాస్తున్నాం.

అన్ని పండ్లూ అంటే ఏవి? సీసా తిప్పి చదివాం. టెస్టింగ్ పనిలో ఉన్నవాళ్ళం, "వగైరా" అని రాసినదాన్ని పాస్ చెయ్యడం మాకు అలవాటు లేదు. ఎక్కువ బరువున్న పదార్థాన్ని ముందు రాయాలని మన దేశంలో నియమం. ఆ సీసా మీద మొదటిది చక్కెర. బొమ్మలో అనాస, ద్రాక్ష మెరిసిపోతున్నాయి; గుజ్జుల వరుసలో మాత్రం ముందున్నవి అరటి, బొప్పాయి. జామ్‌లో పండు 45 శాతానికి తగ్గకూడదు. ఆ 45లో ఏ పండు ఎంతో సీసా చెప్పదు. అంటే అరటిపండు చాల్లేదని మనం వేసింది మళ్ళీ అరటే, కాకపోతే చక్కెరలో ఉడికి పేరు పోగొట్టుకున్న అరటి.

కలపడం తప్పని మేము అనడం లేదు. మనమే ఒక కలగలుపు: ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మాకైతే బడిలో కన్నడం. కానీ ఏ భాషా పండు పేరు దాచలేదు. తమిళంలో ముక్కని అంటే మామిడి, పనస, అరటి. కన్నడ స్నేహితుల ఇళ్ళల్లో రసాయన పెట్టేటప్పుడు బాళెహణ్ణుదా, మావినహణ్ణుదా చెప్పే పెట్టేవారు. 2019లో జీఐ గుర్తింపు పొందిన పళని పంచామృతంలో పడే అరటికి కూడా విరూపాక్షి అని పేరుంది.

మన పిల్లలు "మిక్స్‌డ్ ఫ్రూట్" రుచి కళ్ళు మూసుకుని చెప్తారు. మొన్న సపోటా ముక్క చేతిలో పెడితే "ఇదేంటి?" అని అడిగారు. మా బాధ అదీ.

టైమెక్కడిది అంటారా? తేరడి దగ్గర బండి మీద డజను అరటిపండ్లు కొని వొలవడానికి ఎంతసేపు?

బ్రెడ్డుకి జామ్ రాసుకోండి, వద్దనం. దేవుడి గిన్నెలోకి మాత్రం పేరున్న పండే రావాలి. వచ్చే నవరాత్రులకి పిల్లలచేతే వొలిపిద్దాం, ఒక్కో పండు పేరు తెలుగులో చెప్పించి కలిపిద్దాం. పండు తక్కువైతే పంచామృతమే తక్కువ చేద్దాం.