ఆవిడ పాటేదో అడిగారా?

పోయిన కార్తీకమాసంలో ఒక ఆదివారం, పాల్వంచ దాటి భద్రాచలం వెళ్లే రోడ్డు మీద, టేకుచెట్లు చిక్కబడే చోట వున్న ఒక వృద్ధాశ్రమంలో కూర్చుని నేను రెండు చెవులూ మూసుకున్నాను. ఎవరో పుణ్యదంపతులు వాళ్లబ్బాయి పుట్టినరోజని కేకూ, అరటిపళ్లూ, దుప్పట్లూ పట్టుకొచ్చారు. వాటితోబాటు మనిషెత్తు స్పీకర్లు రెండు తెచ్చారు. "పెద్దవాళ్లకి పాటలంటే ప్రాణం కదండీ!" అందా యిల్లాలు నాతో. మంచిమనిషే పాపం. ఆ తర్వాత గంటన్నరసేపు ఆ స్పీకర్లలోంచి వచ్చినదాన్ని ఆవిడ సంగీతమనుకుంది, నేను శిక్ష అనుకున్నాను. వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టిన ముప్పైమంది ముసలివాళ్లు ఏమనుకున్నారో ఎవరూ అడగలేదు. ఫొటో తీసేటప్పుడు మాత్రం చప్పట్లు కొట్టమన్నారు. కొట్టారు.

ఆ ముప్పైమందిలో మా పెద్దమ్మ వుంది. దాచటమెందుకు, అక్కడ చేర్చింది నేనే. ఆవిడకి పిల్లల్లేరు. పెద్దనాన్న పోయాక ఖమ్మంలో మా యింట్లో రెండేళ్లుంది. మతిమరుపు ముదిరి, అర్ధరాత్రి గడియ తీసుకుని వీధిలోకి వెళ్లిపోవటం మొదలెట్టాక నా వల్ల కాలేదు. అంచేత నేను యెవరినో వుద్ధరించటానికి యిది రాయటం లేదు. చేర్చేరోజు ఆఫీసుగదిలో ఒక ఫారం నింపాను. బీ.పీ. వుందా, షుగరుందా, ఉప్పు తగ్గించాలా, కళ్లజోడుందా, జరగరానిది జరిగితే కబురు ఎవరికి చెయ్యాలి... అన్నీ అడిగారు. ఆవిడకి యే పాట యిష్టం అన్న గడి మాత్రం లేదు. లేదన్న సంగతి నాకూ తట్టలేదు. కథల్లో మనుషుల మనసులు తవ్విపోసే రచయిత్రిని నేను!

తర్వాత అడిగితే మేనేజరుగారు నొచ్చుకున్నాడు. "పాటలకేం తక్కువమ్మా? పొద్దుగాల్నుంచి మోగుతనే వుంటయి" అన్నాడు. నిజమే, మోగుతూనే వుంటాయి. తెల్లవారుజామున సుప్రభాతం, ఆపైన భజనలు, పది దాటాక టీవీ. రాత్రి దీపాలార్పేదాకా సీరియళ్లలో అత్తాకోడళ్లు అరుచుకుంటూనే వుంటారు. ఆ హాల్లో సగంమంది గోడవైపు తిరిగి కూర్చుంటారు. వయసు మీదపడ్డ చెవికి ముందుగా సన్నటి స్వరాలు వినపడకుండా పోతాయి. శబ్దం పెంచినకొద్దీ మాట తేటపడదు సరికదా, రొద మాత్రం గుచ్చుకుంటుంది. ఆ సంగతి తెలియక మనం యింకాస్త పెంచుతాం. "వినపడుతోందా మామ్మగారూ?" అని పైనించి కేకేస్తాం.

ఇదంతా రచయిత్రిగారి భావుకత్వం అని తోసిపారేసేవాళ్లు వుంటారు. వాళ్ల కోసం రెండు ముక్కలు. 2015లో జర్మనీలోని లైప్జిగ్ శాస్త్రజ్ఞులు 'బ్రెయిన్' అనే పత్రికలో ఒక పరిశోధన అచ్చువేశారు. ఎంతోకాలంగా తెలిసిన పాటలు మెదడులో యే భాగంలో నిలుస్తాయో, ఆ భాగాన్ని అల్జీమర్స్ జబ్బు మిగతా వాటికన్నా ఆలస్యంగా, తక్కువగా పాడుచేస్తుందని దాని సారాంశం. అంటే పిల్లల పేర్లు పోయాక కూడా పల్లవి మిగులుతుందన్నమాట. అమెరికాలో డాన్ కోయెన్ అనే ఆయన 2010లో ఒక సంస్థ పెట్టి, నర్సింగ్ హోముల్లోని వృద్ధులకి ఎవరి పాటలు వాళ్లకి చెవుల్లో వినిపించే పని సాగించాడు. (మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే పురుళ్లూ ఆపరేషన్లూ. అక్కడ ఆ మాటకి అర్థం వృద్ధుల నివాసం.) ఆ పని మీద 2014లో 'అలైవ్ ఇన్‌సైడ్' అని సినిమా కూడా వచ్చింది. తల వేలాడేసుకుని, పలకరిస్తే పొడిమాట తప్ప పలకని ఒక ముసలాయన, తన పడుచుతనపు పాట చెవిన పడేసరికి కళ్లు పెద్దవి చేసుకుని వూగుతూ పాడతాడందులో. పక్షవాతంతో మాట పడిపోయిన వాళ్లచేత పాటబాణీలో మాటలు పలికించే వైద్యాన్ని బోస్టను వైద్యులు 1973లోనే పత్రికలకెక్కించారు.

అయితే యేదో ఒక పాట పనికిరాదు. పదేళ్లనించి ముప్పైయేళ్లలోపు మనసులో దిగిన పాటలే గట్టిగా నిలుస్తాయట. ఇవాళ ఎనభై దాటిన మా పెద్దమ్మకి ఆ వయసు యెప్పుడు? విజయవాడ రేడియోలో భక్తిరంజని వినే రోజులు. నాగయ్యగారి 'రామదాసు' సినిమా వచ్చిన 1964లో ఆవిడ కొత్తకోడలు. ఆవిడ ముందు యీ మధ్య వచ్చిన సినిమాపాట పెట్టి, "చూడండి, మామ్మగారిలో చలనమే లేదు" అంటే తప్పెవరిది?

ఆ ఆదివారం స్పీకర్లు వెళ్లిపోయాక ఆవిడ మంచం పక్కన కూర్చున్నాను. "ఏ వూరమ్మా మీది?" అని నన్నడిగింది. గొంతులో యేదో అడ్డం పడ్డట్టయింది నాకు. ఏం మాట్లాడాలో తెలియక, రామదాసు నగల లెక్కలన్నీ ఏకరువు పెట్టి రాముణ్ణి నిలదీసిన కీర్తన వుంది చూడండి, అది సన్నగా ఎత్తుకున్నాను. రెండో చరణం దగ్గర ఆవిడ నా చేతిమీద ఒక్కటి వేసింది. "తాళం తప్పావు" అంది! ఆపైన తనే అందుకుంది. గొంతులో జీర, పళ్లు లేని తొస మాట, కానీ ఒక్క నగ కూడా మర్చిపోలేదు. పాడటం కాదు, దెబ్బలాడింది. ఎదురు మంచం మీదావిడ గొంతు కలిపింది. కిటికీ దగ్గరావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, యిట్లాంటివి వద్దమ్మా, మిగిలినోళ్లు డిస్టర్బ్ అవుతరు. ఏదన్నా శాంతంగా వుండేది పాడించండి."

నాకు ఒళ్లు మండిపోయింది. శాంతంగా! రామదాసు శాంతంగా పాడాడా? నేలకొండపల్లిలో పుట్టిన గోపన్న, యీ పాల్వంచ పరగణాకే తహసీల్దారుగా వచ్చి, సర్కారు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి, తానీషా ప్రభుత్వంలో గోలకొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడని కదా మనం చెప్పుకునేది. బతిమాలాడు, తిట్టాడు, తిట్టినందుకు మళ్లీ క్షమించమన్నాడు. సీతమ్మతో సిఫార్సు చేయించుకున్నాడు. చేసిందంతా చేసి, యిప్పుడు పట్టించుకునే దిక్కు లేక నాలుగు గోడల మధ్య పడివున్న మనిషి మాటలవి. ఈ ఆశ్రమంలో వున్నవాళ్లకి అవి తమ మాటలే అనిపించటంలో వింతేముంది? భద్రాచలం పోయే రోడ్డుమీద ఆశ్రమం పెట్టుకుని, గోడకి రాములవారి పటం వేలాడేసి, రామదాసులా మొర పెట్టుకోవద్దంటే ఎలా? మనం వాళ్లకి సంగీతం పెడుతున్నది ఆనందం కోసం కాదు, నోరు మూయించటానికి. నిద్రమాత్రకి ఖర్చవుతుంది, భజన క్యాసెట్టుకి కాదు. ఇప్పుడు క్యాసెట్టు పోయి పెన్‌డ్రైవు వచ్చిందనుకోండి, అంతే తేడా. ఏడిస్తే యేడవనివ్వండి. ఆ కిటికీ దగ్గరావిడ నెల రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదని, ఆ సాయంత్రం మాత్రం మా పెద్దమ్మ మంచం మీదకొచ్చి కూర్చుందని ఆయా చెప్పింది.

అందరికీ రామదాసే కావాలనీ నేననను. జన్మంతా పొలాల్లో నడుం వంచి నాట్లేసిన ఆవిడకి కీర్తన ఎందుకు? ఆవిడకి నాట్లపాట కావాలి, పక్కన అందుకోవటానికి నాలుగు గొంతులు కావాలి. సింగరేణి గనుల్లో ముప్పైయేళ్లు దిగి ఎక్కినాయన బుర్రకథ అడుగుతాడు. ఆ ఆయా కోయపిల్ల. "మా వూళ్లె ముసలమ్మలు పాట ఎత్తుకుంటేనే మేం అందుకుంటం. వాళ్లకి మేం వినిపించేదేంది?" అని నవ్వింది. ఆ ఒక్కమాట మన దాతలందరికీ తగలాలి. వాళ్ల తెగ చరిత్ర, సమ్మక్క కథ, డోలు వాయిస్తూ పాడే డోలీల గొంతుల్లోనే నిలిచింది. ఆ డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ యిచ్చారు. 2024లో ఆయన పోయారు. అడవిలో అంతా బంగారమని నేను పాడటం లేదు సుమండీ. దారిలేని గూడేల్లో జబ్బుచేసిన వాళ్లని మోసుకొచ్చే కర్రల మంచాన్ని కూడా డోలీ అనే అంటారు. కానీ పాట విషయంలో అక్కడ ముసలమ్మ ముందుంటుంది, మన దగ్గర కుర్చీలో వుంటుంది.

"చూసుకోటానికే మనుషుల్లేరు, పాటలెవరు పాడిస్తారు?" అంటారు. నిజమే, జీతాలు తక్కువ, పని ఎక్కువ. కానీ టీవీ కట్టెయ్యటానికి మనిషి కావాలా? ప్రతివాళ్ల చేతిలోనూ సెల్‌ఫోను వుంది. పాట మూడు నిమిషాలు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో, జిల్లాకి కనీసం ఒక ఆశ్రమం, అందులో నూటయాభై మందికి చోటు అని రాశారు. ఆ పక్కనే వైద్యంతోబాటు వినోద సాధనాల ప్రమాణాలు కూడా చెప్పమన్నారు. మనం వినోద సాధనమంటే టీవీ అని చదువుకున్నాం. మంచానికి వేలాడే మందుల చీటీ కింద మరో చీటీ చాలు. దానిమీద ఆవిడ పాటలు మూడు. ఆ చీటీ రాయాల్సింది మేనేజరు కాదు, ఫారం నింపిన మనం. మతి సరిగ్గా వున్నప్పుడే, అమ్మ వంటింట్లో కూనిరాగం తీస్తున్నప్పుడే వినిపెట్టుకోవాల్సింది మనం. మా పెద్దమ్మ నా యింట్లో వున్న రెండేళ్లలో ఎన్నిసార్లు పాడిందో! "టీవీ వినపడట్లేదు పెద్దమ్మా" అన్నది నేనే.

పాటతో మతిమరుపు నయమవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ కీర్తన అయిన పావుగంటకి ఆవిడ మళ్లీ "ఏ వూరమ్మా మీది?" అనే అడిగింది. అయినా ఆ పావుగంటా నేను ఆవిడకి తాళం తప్పిన అమ్మాయిని.

పోయినవారం వెళ్లినప్పుడు ఆవిడ మనసు కాస్త తేటగా వుంది. కాగితం, కలం తీసి "నీ పాటలు మూడు చెప్పు పెద్దమ్మా, రాసి మంచానికి కడతాను" అన్నాను. మొదటిది రామదాసుదే. రెండోది వాళ్లమ్మ పాడే జోలపాట. మూడోది అడిగితే నా చేతిలో కాగితం తోసేసింది.

"అది రాయకే. అది మీ పెద్దనాన్నకి తెలుసు, చాలు."