పద్మినికి ఎండ గిట్టదు

పాత కారున్న ఇంటికి మనుషుల కొరత ఉండదు. కొందరు దాన్ని చూడటానికి వస్తారు, కొందరు దాన్ని తోయడానికి వస్తారు. రెండవ తెగవారే నిజమైన ఆప్తులని ఆ ఇంటి యజమానికి అనుభవం మీద తెలుస్తుంది. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల్లో ఇటువంటి ఇళ్లు అరుదైపోయాయి. వరండా పక్కన రేకుల పంచ, ఆ పంచలో టార్పాలిన్ కప్పుకొన్న గుండ్రని ఆకారం, కింద చమురు చుక్కలు పడి నల్లబడిన నేల, ‘ఏపీ 27’ అన్న రాత వెలిసిపోయిన నంబరు ప్లేటు. ఊరివారు దాన్ని ఫియట్ అంటారు. కంపెనీ దానికి పెట్టిన పేరు ప్రీమియర్ పద్మిని.

ఈ రెండు పేర్ల వెనుక కొంత చరిత్ర ఉంది. ఇటలీలోని టూరిన్ నగరంలో 1899లో స్థాపితమైన కార్ల సంస్థ ఫియట్. టూరిన్ నగరపు ఇటాలియన్ మోటారు వాహనాల కర్మాగారం అని అర్థమిచ్చే నాలుగు ఇటాలియన్ మాటల తొలి అక్షరాలు కలిసి ఆ పేరైంది. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో నెలకొల్పిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ ఫియట్‌తో ఒప్పందం కుదుర్చుకొని, బొంబాయిలోని కుర్లా కర్మాగారంలో ఆ కార్లను తయారుచేసింది. ఒప్పందం ముగిసిన తరువాత అదే కారు 1972లో ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, 1974లో ప్రీమియర్ పద్మిని అయింది. ఇటలీలో ఫియట్ 1100 శ్రేణి 1969తోనే ముగిసిపోగా, మన దేశంలో పద్మిని 2000 సంవత్సరం ప్రాంతం దాకా వస్తూనే ఉంది. కన్నతల్లి మరచిపోయిన బిడ్డను పెంపుడుతల్లి మూడు దశాబ్దాలు సాకిందన్నమాట. ఆ సాకడంలో ప్రేమ కంటే గత్యంతరం లేకపోవడమే ఎక్కువని ఒప్పుకోవాలి. లైసెన్సుల కాలంలో కొనదగిన కార్లు రెండో మూడో. చేతిలో సొమ్ము ఉన్నా ఏళ్ల తరబడి వరుసలో వేచి ఉండవలసి వచ్చేది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక గాని ఆ పరిస్థితి మారలేదు.

ఆనాడు కారు కొనడమంటే ఎంత పెద్ద సంగతో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. లాల్ బహదూర్ శాస్త్రి ప్రధానమంత్రిగా ఉండి కూడా 12,000 రూపాయల ఫియట్ కొనడానికి చేతి సొమ్ము చాలక, పంజాబ్ నేషనల్ బ్యాంకులో 5,000 రూపాయలు అప్పు చేశారు. 1966 జనవరిలో తాష్కెంటులో ఆయన కన్నుమూశారు. మిగిలిన బాకీని ఆయన సతీమణి లలితాశాస్త్రి తమ పింఛను నుంచి తీర్చారు. ఆ కారు నేడు ఢిల్లీలోని శాస్త్రి స్మారక భవనంలో ప్రదర్శనలో ఉంది.

పద్మిని అన్న పేరును కంపెనీవారు చిత్తోడు రాణిని తలచుకొని పెట్టారు. తెలుగు కావ్యాలు చదివినవారికి మాత్రం ముందుగా తోచేది తామరతీగ. సూర్యుడు ఉదయిస్తే పద్మిని వికసిస్తుంది, అస్తమిస్తే ముకుళిస్తుంది. ఇది కవిసమయం. ఈ పద్మిని విషయంలో ఆ కవిసమయం సగమే నిజం. చీకటి పడితే దీని కళ్లు మసకబారడం నిజమే. ఇంజను నెమ్మదించినప్పుడల్లా పాత డైనమో నుంచి వచ్చే విద్యుత్తు తగ్గి, ముందు దీపాలు మినుకుమంటాయి. కాని సూర్యునిపై దీనికి అనురాగం బొత్తిగా లేదు. ఈ ప్రాంతంలో వేసవి పగలు నలభై డిగ్రీలు దాటిందంటే ఇంజను పక్కనున్న పెట్రోలు పంపు కాగిపోయి, అందులోని పెట్రోలు ఆవిరవుతుంది. ద్రవాన్ని తోయడానికి చేసిన పంపు ఆవిరిని తోయలేదు. బండి నడిబజారులో నిలిచిపోతుంది. యజమాని దిగి, బానెట్ ఎత్తి, ఇందుకోసమే ఉంచుకొన్న తువ్వాలును నీటిలో తడిపి పంపు మీద పరుస్తాడు. కొంతసేపటికి పంపు చల్లబడి కారు కదులుతుంది. చూసేవారికి అది జ్వరం వచ్చినవాడి నుదుట తడిగుడ్డ వేసినట్టుంటుంది. జరిగేది మాత్రం ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలోని పాఠమే.

ఇన్ని అవస్థలుండగా ఈ కారులో ఆనందమేమిటి? జ్ఞాపకాలని చాలామంది చెబుతారు. నాన్న నడిపిన కారు, అక్క అత్తవారింటికి వెళ్లిన కారు, ముందు వరుసలో ముగ్గురు ఒత్తుకొని కూర్చున్న బల్లలాంటి సీటు, స్టీరింగు పక్కన కర్రలా ఉండే గేరు. ఇవన్నీ నిజమే గాని చాలవు. జ్ఞాపకానికి ఒక ఛాయాచిత్రం సరిపోతుంది. దానికి పెట్రోలు పోయనక్కరలేదు. అసలైన ఆనందం ఆ యంత్రం మనిషికి అర్థం కావడంలో ఉంది. 1,089 ఘనపు సెంటీమీటర్ల చిన్న ఇంజను, నాలుగు సిలిండర్లు. గాలినీ పెట్రోలునూ కలిపే కార్బ్యురేటర్ కంటికి ఎదురుగా ఉంటుంది. నిప్పురవ్వను నాలుగు ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్ చేతికి అందుతుంది. దాని లోపలి పాయింట్లు మసిబారితే గరుకు కాగితంతో తుడిచి, సందు సరిచేస్తే ఇంజను మళ్లీ పలుకుతుంది. ఏది ఎందుకు ఆగిందో, ఏది దేనిని కదిలిస్తుందో శ్రద్ధగల పదహారేళ్ల విద్యార్థి ఒక్క ఉదయంలో గ్రహించవచ్చు. నేటి కారు అనేక విధాల మేలైనది. తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం పోతుంది, ప్రమాదంలో ప్రాణం కాపాడుతుంది. కాని తన రోగాన్ని అది యజమానితో చెప్పుకోదు, కంప్యూటరుతోనే చెప్పుకొంటుంది.

గిద్దలూరు దాటి దిగువమెట్ట మీదుగా నంద్యాలకు పోయే నల్లమల కనుమ దారిలో ఈ తేడా బాగా తెలుస్తుంది. కొత్త కారులో పోయేవాడు పాట వింటాడు, పద్మినిలో పోయేవాడు ఇంజనును వింటాడు. ఎక్కేటప్పుడు వేడి ముల్లు మీద ఒక కన్ను వేసి ఉంచాలి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల నియమం. బ్రేకును అదేపనిగా తొక్కితే డ్రమ్ములు కాగి పట్టు సడలుతుంది గనుక, ఇంజను చేతనే బండిని నిగ్రహించాలి. ఆ దారిలో ప్రతి మలుపూ డ్రైవరును ఒక ప్రశ్న అడుగుతుంది.

ఈ సంభాషణలో మూడవ వ్యక్తి ఒకడున్నాడు. అతడే మేస్త్రి. బస్టాండు వెనుకనో ఊరి చివరనో ఒక షెడ్డు, దానిలో నూనె పీల్చి నల్లబడిన బల్ల, గోడకు వేలాడే స్పానర్లు. కారు గేటు దాటక ముందే శబ్దం విని జబ్బు చెప్పగలడు. అతని పరామర్శ ఈ తీరున ఉంటుంది:

“ఏం సారూ, మళ్లీ ఎండకు తిప్పినారా?”

“లేదు మేస్త్రీ, చెన్నకేశవస్వామి గుడికి పోయొచ్చాం, అంతే.”

“గుడికాడ బండికి నీడ ఏడుంది సారూ?”

దొరకని విడిభాగం కోసం అతడు విజయవాడ ఆటోనగర్‌కు ఫోను చేస్తాడు, చెన్నై పుదుపేటలో పాతసామాను అమ్మేవారిని వెదికిస్తాడు. అక్కడా లేకపోతే అరిగిపోయిన ముక్కను నమూనాగా పట్టుకొని లేత్ మిషను మీద కొత్తది తీయిస్తాడు. పాత కారు యజమాని భయం విడిభాగాల కొరతేనని చాలామంది భావిస్తారు. అది పొరపాటు. ఇత్తడి ఉన్నంతకాలం ఆ ముక్కను చేయించవచ్చు. దాన్ని చేయించగల మేస్త్రికి అరవై ఏళ్లు దాటాయి, అతని షెడ్డులోని కుర్రవాళ్లు మోటారు సైకిళ్ల పని నేర్చుకొంటున్నారు. భయమంటే ఇది. కుర్రవాళ్లను తప్పుపట్టడానికి లేదు. నెలకొకసారి వచ్చే ఫియట్ ఎవరికి కూడు పెడుతుంది?

ఈ బాధ మార్కాపురానికి కొత్తది కాదు. తరతరాల పిల్లలు ఈ ఊరి పలకల మీద అక్షరాలు దిద్దుకొన్నారు. కాగితం పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి రాతిపలకను బడినుంచి తరిమేశాయి. రాయిని పొరలు పొరలుగా చీల్చగల చేతులు కొన్ని గోడలకూ నేలకూ పరిచే బిళ్లల తయారీకి మళ్లాయి. మిగిలినవి ఊరక ఉండిపోయాయి. వస్తువు పోవడం కంటికి కనిపిస్తుంది. దానితోపాటు పోయే విద్య కనిపించదు.

పాత కారుకు కాలం తెచ్చిన చిక్కులు ఇంకా ఉన్నాయి. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది, పాతకాలపు రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. కదలకుండా నెలల తరబడి నిలిచిన బండికి దీని బెడద మరీ ఎక్కువ. గొట్టాలను తగినవాటితో మార్పించుకోవడం, ట్యాంకులో పెట్రోలును నిలవ ఉంచకపోవడం తప్ప వేరే ఉపాయం లేదు. ఇక చట్టం. పదిహేనేళ్లు నిండిన కారుకు సామర్థ్య పరీక్ష చేయించి రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఆ రుసుము 600 రూపాయల నుంచి 5,000కు, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000కు పెరిగింది. యాభై ఏళ్లు నిండి, రూపం మార్చని కారును వారసత్వ వాహనంగా నమోదు చేసుకొనే వీలు 2021లో కల్పించారు. అలా నమోదైన కారును నిత్యం తిప్పకూడదు. 1974 నాటి పద్మినులు ఆ గౌరవానికి అర్హత పొందాయి. 1990ల నాటివి మాత్రం కారుగా ఉండటానికి ముసలివి, వారసత్వంగా ఉండటానికి పసివి. ఈ మధ్య వయసులో వాటిని తుక్కు కొట్టువాడు ఎదురుచూస్తున్నాడు.

చట్టాన్ని నిందించే ముందు యజమానులు ఒక నిజాన్ని అంగీకరించాలి. పాత కారు పొగ ఎక్కువ వదులుతుంది. ఒక్క కారు పొగకే ఊరు మునిగిపోతుందా అన్న వాదం నిలవదు. ఆ పొగ పీల్చేది ఊరు కాదు, ఆ కారు వెనుక సైకిలు తొక్కుకొంటూ బడికి పోయే పిల్లవాడు. దానికి గాలి సంచులు లేవు. మసక దీపాలతో, పసిపిల్లలను కూర్చోబెట్టుకొని రాత్రివేళ పెద్దరోడ్డు మీదికి దాన్ని తీసుకుపోవడం అభిమానం అనిపించుకోదు, మూర్ఖత్వం అనిపించుకొంటుంది. కాలుష్య ధ్రువపత్రం, నమ్మదగిన బ్రేకులు ఈ రెండూ లేని పాత కారును రోడ్డెక్కనివ్వకపోవడమే న్యాయం.

అయితే మరొక తప్పు ఇంతకంటే ఎక్కువగా జరుగుతోంది. పోగొట్టుకోలేక, నడపలేక, కారును టార్పాలిన్ కింద దాచడం. నిలిచిన కారు నిద్రపోదు, కుళ్లుతుంది. బ్రేకు సిలిండర్లు బిగుసుకుపోతాయి, తీగలను ఎలుకలు కొరుకుతాయి, బ్యాటరీ చచ్చిపోతుంది. నాలుగేళ్ల తరువాత దాన్ని తుక్కుకు అమ్మినవాడు ఆ నాలుగేళ్లూ తాను దాన్ని ప్రేమించానని చెప్పుకొంటాడు. మేస్త్రికి ఆ నాలుగేళ్లలో ఆ కారు వల్ల ఒక్క రోజు పనీ దొరకలేదు, అతని దగ్గరి కుర్రవాడు ఒక్క పాఠమూ నేర్చుకోలేదు. నడిపించలేనివాడు నడిపించగలవాడికి అప్పగించాలి. ఏ ఇంట్లో ఉంటేనేమి, అది కదలాలి, అప్పుడప్పుడు చెడిపోవాలి, ఎవరో ఒకరు దాన్ని బాగుచేయాలి.

గుండ్లకమ్మ నీటిని పట్టి నిలిపే కంభం చెరువు విజయనగర రాజుల నాటిది. 2020లో దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా అంతర్జాతీయ గుర్తింపు లభించింది. వందల ఏళ్ల ఆ చెరువుకు చుట్టూ కంచె వేసి ఎవరూ పూజించలేదు. కట్ట తెగకుండా చూసుకొన్నారు, తూములు బాగుచేసుకొన్నారు, నీరు వచ్చిన ఏడు వరి పండించుకొన్నారు. యాభై ఏళ్ల ఇనుప పెట్టెను దానితో పోల్చడం అతిశయోక్తి అలంకారమే గాని, పోలికలోని ధర్మం రెండింటికీ ఒకటే.

పద్మినిని సరిగా ఉంచుకొన్న ఇంటిలో ఆదివారం చాలా తెల్లవారుజామున మొదలవుతుంది. ఎండ ముదరకముందే వెళ్లి రావాలి గదా. టార్పాలిన్ తీస్తారు, చోక్ లాగుతారు. మొదటిసారి దగ్గు, రెండవసారి మౌనం, మూడవసారికి ఇంజను పలుకుతుంది. అద్దాలు దించుకొని కంభం చెరువు కట్ట దాకా పోయి, తొమ్మిది కొట్టేలోగా తిరిగి వస్తారు. వచ్చే దారిలో షెడ్డు దగ్గర ఆగుతారు. ఇంజను కొద్దిగా తడబడుతోందని యజమాని చెప్పబోయేలోగా మేస్త్రి చేయెత్తి వారిస్తాడు. తాను లేవడు. మోటారు సైకిలు విప్పుతున్న కుర్రవాణ్ణి పిలిచి, స్క్రూడ్రైవరు చేతికిచ్చి, కార్బ్యురేటర్ వైపు చూపించి, “నువ్వు ఇనుకొని తిప్పు” అంటాడు.