పేతురు లేచిపోయిన పంక్తి

అంతియొకయలో పేతురు అన్యజనులతో సహపంక్తిని భుజించేవాడు. యాకోబు వద్దనుండి కొందరు రాగానే, సున్నతి పొందినవారికి జడిసి ఆ పంక్తి విడిచాడు. బర్నబా అంతటివాడూ ఆయన బాటే పట్టాడు. పౌలు అందరి ఎదుటే పేతురును నిలదీశాడు. గలతీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయంలోని ఉదంతమిది.

పేతురు నమ్మకం మారలేదు, ధైర్యం జారింది. ఆచారనిష్ఠ చాలాసార్లు భయానికి పుట్టిన బిడ్డ.

నేడు కొందరు బోధకులు జబ్బుపడిన బిడ్డ తల్లితో, "నీ ఉపవాసం చాలలేదమ్మా, ఆ కమ్మలింకా తియ్యలేదేం?" అంటున్నారు. ఇది విశ్వాసమా, బేరమా? ఆపదలో దేవుణ్ణి నమ్మినవారు వట్టి చేతులే చాస్తారు. చేసిన పుణ్యాల చిట్టా విప్పరు.

ఉపవాసముండండి, కాదనను. దానితో పరుల కన్నీటిని తూచకండి. ముందు ఆ తల్లి పక్కన కూర్చుని ఆమెతో ఒక ముద్ద తినండి. పేతురు లేచిపోయిన పంక్తి అదే.