కెమెరా వెనక మొహం

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి దండ వేస్తాం. 1863లో వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన ఆ మనిషి మొహం ఇవాళ్టి బడిపిల్లలకు కూడా తెలుసంటే, ఎవరో ఒకరు ఆయన్ని కెమెరా ముందు నిలబెట్టబట్టే. విజయనగరంలో గురజాడ వారింటికి వెళ్ళినా అంతే. మనమెరిగిన గురజాడ ఫొటోలోని గురజాడే. ఆ ఫొటోలు తీసినవాళ్ళ పేర్లు మన పటాల కింద కనపడవు, ఇక మొహాల మాట దేవుడెరుగు. పది రోజుల ముందే, 19న, ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం వచ్చి వెళ్ళిపోతుంది. ఆ రోజు దండ వేద్దామంటే మన దగ్గర పటం ఉండదు.

ఆ పటం వెయ్యాల్సిన బాకీ చిత్రకారులది. వడ్డాది పాపయ్య పుట్టిన శ్రీకాకుళంలోనూ, అంట్యాకుల పైడిరాజు శిష్యులకు కుంచె పట్టడం నేర్పిన విజయనగరంలోనూ, పెళ్ళినాటి గుంపు ఫొటోలో గోరంత ఉన్న తాతగారి తలకాయకు గళ్ళు కట్టి, గోడకు తగిలించే పటంగా పెంచి ఇవ్వడం ఎందరికో కూడు పెట్టింది. ఫొటోగ్రాఫరూ అటు కొంత చిత్రకారుడే. సూదిలా చెక్కిన పెన్సిల్‌తో నెగటివ్ మీద చుక్కలు పెట్టి, కళ్ళ కింది నీడలు తేలిక చేసేవాడు. అక్కడ నలుపు పెడితే ప్రింటులో తెలుపొస్తుంది మరి! ఈ చుట్టరికం ఆరో నిజాంకు తెలిసినట్టుంది. తన ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్‌కు ‘ముసవ్విర్ జంగ్’ అని బిరుదిచ్చాడు. ముసవ్విర్ అంటే బొమ్మలు వేసేవాడు.

అభిమాన ఫొటోగ్రాఫర్ల మొహాలను ఆక్రిలిక్‌లో, నలుపు తెలుపుల్లోనే వేసే పద్ధతి మనకు నచ్చేది ఇందుకే. రెండు ట్యూబులుంటే చాలుననిపిస్తుంది గానీ, చెయ్యి పెడితే తెలుస్తుంది. రంగును పట్టి ఉంచే జిగురు తడిగా ఉన్నంతసేపూ పాలలా ఉండి, ఆరాక గాజులా తేటపడుతుంది. చెంప మీద సరిగ్గా కుదిరిందనుకున్న బూడిదరంగు పావుగంటలో ఒక మెట్టు ముదురుతుంది. అందుకే ముందు చీటీ మీద రాసి, ఆరబెట్టి చూసుకోవాలి. డార్క్‌రూమ్‌లో ఫొటోగ్రాఫర్ పడ్డ పాట్లూ ఇవే. అతనూ చిన్న ముక్క మీద పరీక్షించుకునేవాడు. అతని ప్రింటూ ఆరాక కాస్త నల్లబడేది. ఒకరి మొహం వేస్తూ వాళ్ళ పని కష్టం కూడా తెలుసుకోవడం ఇంకే రంగులో కుదురుతుంది?

ఎవరితో మొదలుపెట్టాలి? హోమాయ్ వ్యారావాలాతో మొదలుపెట్టవచ్చు. మన దేశపు తొలి మహిళా పత్రికా ఫొటోగ్రాఫర్ ఆమె. మొదట్లో ఆమె తీసిన ఫొటోలు భర్త పేరు మీద అచ్చయ్యేవి. 1970లో కెమెరా పక్కన పెట్టేసిన ఆమెను పద్మవిభూషణ్ 2011లో గానీ వెతుక్కుంటూ రాలేదు.

కానీ అక్కడే ఆగిపోవద్దని మా మనవి. బొబ్బిలిలో, టెక్కలిలో, నరసన్నపేటలో బల్ల మీద మనల్ని కూచోబెట్టి ‘కదలకండి’ అన్న పెద్దాయన ఒకరు ఇంకా ఉండే ఉంటారు. ఆయన్ని వెయ్యండి. ఫొటో చూసి వద్దు, ఎదురుగా కూచోబెట్టి వెయ్యండి. ఆయన కూచోగానే ముందు కిటికీ వైపు చూస్తాడు. వెలుగు ఎటునుంచి వస్తోందో కనిపెట్టి, మీరు చెప్పకుండానే గెడ్డం రవ్వంత అటు తిప్పుతాడు.

ఆ తిప్పడాన్ని పట్టుకోండి.