పాఠ్యపుస్తకాలలో పదబహిష్కారం

ఓరుగల్లు మట్టెవాడలోని గ్రంథాలయానికి మన పెద్దలు ‘శబ్దానుశాసనాంధ్ర భాషానిలయ’మని పేరు పెట్టారు. శబ్దానుశాసనమంటే శబ్దాన్ని దండించడం కాదనీ, సాధురూపమేదో తెలియజెప్పడమేననీ వ్యాకరణం చదివినవారికి విదితమే. పతంజలి ‘గౌః’ అన్న సాధుశబ్దాన్ని చెబుతూనే ‘గావీ’, ‘గోణీ’ మొదలైన లోకవ్యవహార రూపాలనూ పేర్కొన్నాడు. అసాధువులన్నాడే గాని దాచలేదు. అర్థబోధ రెండింటివల్లనూ సమానంగా కలుగుతుందని అంగీకరించాడు కూడా. పాఠశాలల తెలుగు వాచకాలలో ఏ పదం ఉండవచ్చు, ఏది ఉండరాదు అన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తుకు వస్తున్నది.

ఒకరిని నొప్పించే పదాన్ని వాచకం నుండి తొలగించాలని ఒక పక్షం. ప్రాచీనుల వాక్కును ముట్టరాదని మరొక పక్షం. మన ప్రాచ్య కళాశాలల్లో మొగ్గు రెండవ పక్షానికే ఎక్కువ. నేనూ చాలాకాలం అందులోనే ఉన్నాను. ఇప్పుడు పూర్తిగా లేను.

మమ్మటుడు అశ్లీలదోషాన్ని వ్రీడ, జుగుప్స, అమంగళం అని మూడు విధాలుగా విభజించాడు. మూడింటికీ కొలమానం వినే సహృదయుని మనస్సే. ఆ పదం ఎవరిని ఉద్దేశించిందో వారి బాధకు ఆ విభాగంలో చోటు లేదు. ఒక కులం పేరును తిట్టుగా వాడిన సామెతను తరగతిలో పైకి చదివిస్తే, ఆ కులంలో పుట్టిన పిల్లవాడు తల వంచుకొని కూర్చుంటాడు. వానికి కలిగింది ఈ మూడింటిలో ఏదీ కాదు. మన శాస్త్రంలో దానికి పేరు లేదు. పేరు లేనంతమాత్రాన దోషమే లేదనగలమా? అటువంటి సామెతలు పసివారి వాచకంలో ఉండనక్కరలేదు. (సామెతల సంకలనాలలో మాత్రం ఉండవలసినదే, పరిశోధకునికి అవి కావాలి.)

ఇంకొక మాట. ప్రాచీనవాక్కును ముట్టరాదన్న మనమే పిల్లల వాక్కును నిస్సంకోచంగా కొట్టివేశాం. నా చిన్ననాట వ్యాసంలో ‘మొగులు’ అని వ్రాస్తే ఉపాధ్యాయులు ఎర్రసిరాతో కొట్టి ‘మేఘము’ అని దిద్దారు. ‘తొవ్వ’కూ అదే గతి పట్టింది. ‘మొగిలు’, ‘త్రోవ’ కావ్యాలలో దర్జాగా తిరిగే పదాలేనని చాలా ఏండ్లకు గాని నాకు తెలియలేదు. వ్యావహారికం వాచకాలలోకి వచ్చిన తరువాత కూడా కృష్ణా, గోదావరీ తీరాల విద్యావంతుల వాడుకకే ప్రామాణికత దక్కింది. తెలంగాణ పలుకు ‘గ్రామ్యం’గానే మిగిలింది. కాళోజీ జీవితమంతా గొడవపడినది దీనిమీదనే. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9ని 2014 నుండి తెలంగాణ భాషాదినోత్సవంగా జరుపుకొంటున్నాం. పదబహిష్కారమన్నది నిన్నమొన్న పుట్టిన వింత కాదని చెప్పడానికే ఇదంతా.

అయితే ఒక పాఠాన్ని ఎంచుకొనకపోవడం వేరు, ఎంచుకొన్న పాఠంలో కవి పదాన్ని గుట్టుగా మార్చడం వేరు. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో మాదర చెన్నయ్య, మడివాలు మాచయ్య కథలున్నవి. కులసూచన నొప్పిస్తుందని ఆ విశేషణాలను తీసివేస్తే కథకు ప్రాణమే పోతుంది. ఏ కులాహంకారానికి ఎదురుగా నిలిపి కవి ఆ భక్తులకు పూజ చేశాడో పిల్లలకు అందదు. దోషాలన్నీ నిత్యాలు కావనీ, సందర్భాన్ని బట్టి చూడాలనీ ఆనందవర్ధనుడు చెప్పనే చెప్పాడు.

పదాల మర్యాద కాలంతో మారుతుంది. గాంధీజీ గౌరవభావంతో ప్రచారం చేసిన ‘హరిజన’ పదాన్ని, ఆ పేరుతో పిలువబడినవారే కాదన్నారు. కులధ్రువీకరణ పత్రాలలో దానిని వాడరాదని 1982లో కేంద్రప్రభుత్వం ఆదేశించింది. అది న్యాయమే. కాని 1930ల నాటి రచనను పాఠంగా పెట్టి అందులో ఆ పదాన్ని చెరిపివేస్తే, ఆ వాదోపవాదాల చరిత్ర కూడా దానితోపాటే చెరిగిపోతుంది. పుట అడుగున రెండు పంక్తుల వివరణ చాలును.

బహిరంగ నిషేధం కంటె రహస్యపు కోత ప్రమాదకరమని ముద్దుపళని రాధికాసాంత్వనము చరిత్ర చెబుతున్నది. అంతకుముందరి ముద్రణలో పద్యాలు లోపించిన సంగతి కనిపెట్టి, వ్రాతప్రతిని సంపాదించి, బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దానిని సమగ్రంగా వెలువరించింది. మరుసటి ఏడే ప్రభుత్వం నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి హయాంలో గాని ఆ నిషేధం తొలగలేదు. నిషేధం అందరికీ కనబడింది కనుక దానిపై వాదించగలిగారు. మునుపటి ముద్రణలోని కోత మాత్రం వ్రాతప్రతి చూసినవారికి తప్ప తెలియలేదు. బడిపిల్లవాని చేతికి వ్రాతప్రతి ఎక్కడనుండి వస్తుంది?

వాచకం మొదటి పుటలలో సంపాదకవర్గం పేర్లు అచ్చవుతున్నవి. ఏ పద్యంలో ఏ పదం మార్చారో, ఏ పాదం వదిలారో కూడా అక్కడే అచ్చువేయవలసిందని విద్యాశాఖవారిని మన కళాశాలల ఉపాధ్యాయులు కోరవలసి ఉన్నది. పాఠాన్ని మూలంతో సరిచూడడమే వృత్తిగా పెట్టుకొన్నవారం కనుక, ఈ పనికి ముందుగా పూనుకోవలసినది మనమే.